నలభై శాతమే అనుకుని మెదక్‌కు తిరిగొచ్చాం

మెదక్ నుంచి గుండె పరీక్షకు హైదరాబాద్ బయలుదేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడు ప్రభుదాస్ టైలరు. మిషన్ మీద కూర్చున్నప్పుడు వారంలో రెండుసార్లు ఛాతీ పట్టేసింది. ఇక్కడి డాక్టరు ఈసీజీ చూసి, వెంటనే యాంజియోగ్రామ్ చేయించమన్నాడు.

పొద్దున ఐదున్నర బస్సెక్కితే జేబీఎస్ చేరేసరికి ఎనిమిదైంది. మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర మారి నాంపల్లిలో దిగాం. ఆబిడ్స్‌లోని ఆసుపత్రికి ఆటోవాడు ఎనభై అడిగాడు. "గింత దూరానికి ఎనభయ్యా? పేషెంటును చూసి గుంజుతున్నవా?" అని లేచాను. "అక్కా, జర ఊకో. నీ లొల్లికే నాకు మళ్ల నొప్పొస్తది," అని తమ్ముడు నవ్వాడు. చివరికి యాభైకి కుదిరింది.

పదకొండింటికి వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. అరగంటకు డాక్టరు తలుపు తీసి నన్ను పిలిచాడు. "అమ్మా, గుండె రక్తనాళంలో అడ్డు నలభై శాతమే ఉంది. కానీ..." ఆ తర్వాతది నేను వింటేగా! "స్తోత్రం ప్రభువా!" అంటూ అక్కడే మరదలికి ఫోన్ చేశాను. ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక, అందరికీ భోజనాలు, పాస్టరుగారికి చెప్పెయ్యి అన్నాను. మా సంఘంలో మంచి కబురొస్తే చేసేది అదే.

డాక్టరు అలాగే నిలబడ్డాడు. "నలభై అంటే దారి ఎంత ఇరుకైందో తెలుస్తుందంతే. గోడలో పేరుకున్న కొవ్వు మీది పొర పల్చబడి చిట్లేలా ఉందేమో ఇందులో కనబడదు. ఆయన నొప్పి చూస్తే నాకు అనుమానంగా ఉంది. సన్నని కెమెరా పంపి రక్తనాళాన్ని లోపలి నుంచి చూస్తాను. పావుగంట పని. సంతకం పెట్టండి."

"అందరికి చెప్పేసిన సార్. ఇప్పుడు ఇంకేమన్న బయటపడితే ఏం మొఖం పెట్టుకోవాలె? నలభయ్యే కదా, వద్దు," అన్నాను. ఖర్చెంతని కూడా అడగలేదు. ఆయన మాత్రలు రాసిచ్చాడు. సాయంత్రం ఆరు బస్సుకు తిరిగొచ్చేశాం.

ఆదివారం షామియానా కింద కుర్చీలు వేస్తూ ప్రభుదాస్ కూలబడ్డాడు. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది. కూడికకు వచ్చినవాళ్లే సమాధుల తోటకు నడిచారు.

పోయిన వారం ఒక్కదాన్నే మళ్లీ నాంపల్లిలో దిగి ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ రోజు చూసుంటే బతికేవాడా సార్ అని అడిగాను. "చెప్పలేనమ్మా. చూసుంటే తెలిసేది," అన్నాడు. ఆయన తిట్టినా బాగుండేది. నా తమ్ముడి గుండె కంటే నలుగురిలో నా మాట ఎక్కువైంది నాకు. ఎవరు ఓదార్చినా నాకు కోపమే వస్తోంది.

వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. యాంజియోగ్రామ్ గది బయట ఉన్నంతసేపు ఫోన్ సంచిలో పడేయండి. డాక్టరు మాట పూర్తయ్యాకే బయటికి తీయండి.