ముల్లు తీసిన మాట

నిండు సభలో ఒక మనిషిని అవునో కాదో చెప్పమని నిలదీసే హక్కు మనకుందా? ఏళ్ళుగా వదలని ఈ ప్రశ్నను నాకిచ్చిన మా తెలుగు టీచరుగారు గురువారం చనిపోయారు. సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీద "అక్షరజ్యోతి ఆరిపోయింది" అని వేశారు. ఆవిడే చూస్తే పీకించేసేవారు. చనిపోయారు. అంతే.

యానాం రోడ్డు మీది మా హైస్కూల్లో ఉపన్యాసం పోటీలకు ఆవిడే తయారుచేసేవారు. నన్ను వరండాలో నిలబెట్టి, తాను గేటు దగ్గర బస్సు కోసం చూసే చేపలమ్మే ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళిపోయేవారు. "వేదికనలంకరించిన పెద్దలకు" అన్నానో లేదో, అక్కణ్ణుంచే కేక: "పెద్దల సంగతి తర్వాత. ఈ అత్తకేం చెప్తావో చెప్పు!" వాళ్ళు నవ్వేవారు. నాకు ఏడుపొచ్చేది. తర్వాత దగ్గరకొచ్చి, "చంటిదానికి చేప పెడితే ముల్లు తీసి పెడతామా లేదా? మాటా అంతేనమ్మా," అనేవారు.

ఆవిడ రిటైరయ్యాక, మా మంచినీళ్ళ చెరువు పక్కనే రొయ్యల చెరువులు తవ్వుతామని ఒక ఆసామి అనుమతి అడిగాడు. షామియానా వేసి సభ పెట్టారు. కుర్ర ఆఫీసరు ఒకాయన కాగితం చూసి చదివారు: "లవణీయతపై ప్రతికూల ప్రభావం అనుమతించదగిన పరిమితులకు లోబడి..." జనం తలలూపారు. ఇక ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తడమే. నా పక్కనుంచి టీచరుగారు లేచారు.

"బాబూ, మా నీళ్ళు ఉప్పెక్కుతాయా, ఎక్కవా?"

"అదేనండి, పరిమితులకు లోబడి..."

"ఎక్కుతాయా, ఎక్కవా?"

ముందు వరసలోంచి ఆసామి వెనక్కి తిరిగాడు. "ఏంటండీ టీచరుగారూ, ఇదేమన్నా మీ క్లాసా?"

"క్లాసైతే ఈపాటికి మిమ్మల్ని బెంచీ ఎక్కించేదాన్నండి. కూర్చోండి."

షామియానా అంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కాగితం మడిచారు. "ఎక్కుతాయండి," అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ చెరువులు రాలేదు. ఆ ఆఫీసరుకు మాత్రం నెల తిరక్కుండా బదిలీ అయింది.

"ఆయన్ని బలిపెట్టామేమోనండీ," అన్నాను ఒకసారి.

విసుక్కున్నారు. "ఎమ్మే చదివి నేర్చుకున్నది ఇదా? ఆ నీళ్ళు తాగేది మన పిల్లలు. నిజం చెప్పినవాణ్ణి పంపించేసినోళ్ళని అడుగు, నన్నడక్కు."

అర్థంకాని మాట వినబడితే నేనూ ఇప్పుడు లేచి అడుగుతాను. మానను. కానీ ఆయన్ని పక్కకు పిలిచి అడిగినా సరిపోయేదేమో అని అనిపిస్తూనే ఉంటుంది. ఆ రోజు సభ అయ్యాక జీపెక్కబోతూ ఆగి, ఆయన టీచరుగారికి చేతులెత్తి దణ్ణం పెట్టారు. అది కృతజ్ఞతో, నిష్ఠూరమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.