ముందు బంపరు ఎడమ మూల

నేను కారు నడపడం నలభై ఆరో ఏట నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చిన రోజున మా అత్తమ్మ కారు ముందు కొబ్బరికాయ కొట్టి, వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "పో బిడ్డా, ఏడికన్న పో" అంది. ఎక్కడికని అనుకోకుండానే ఏ.ఎస్. రావు నగర్ దాకా వెళ్లి, రోడ్డు పక్కన ఆపుకుని, చెరో కుల్ఫీ తిని వచ్చాం. దారంతా ఆవిడ పక్క బండ్లవాళ్లను అద్దంలోంచి చూస్తూ కూర్చుంది, వాళ్లందరికీ నన్ను చూపించాలన్నట్టు.

మేం ఉండేది నేరేడ్‌మెట్‌లో. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన, అత్తమ్మ. నేను ఒక బడి ఆఫీసులో పని చేస్తాను. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నారు. తయారైన ప్రతి వస్తువునూ అటూ ఇటూ తిప్పి చూసి, బాగుంటే ముద్ర వేయడం, లేకపోతే పక్కన పెట్టడం ఆయన పని. ఆ చూపు సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. గోడ మీద వేలిముద్ర ఉన్నా, దోసె అంచు కాస్త మాడినా ఆయనకే ముందు కనిపిస్తుంది. ఆయన డ్యూటీకి స్కూటర్ మీద వెళ్తారు కనుక మామూలు రోజుల్లో కారు నాదే.

నేను నడపడం మొదలుపెట్టిన నాలుగో నెలలో ముందు బంపరు ఎడమ మూల మీద ఒక గీత కనిపించింది. కనిపించింది ఆయనకే అని వేరే చెప్పనక్కర్లేదు.

"ఏడ గీకినవ్?" అన్నారు.

"నేనేడ గీకలే."

"మరి దానంతల అదే వచ్చిందా?"

ఆయన కోపంగా అనలేదు. ఆయన కోపం వచ్చే మనిషి కాదు. రంగు డబ్బా తెచ్చి, చిన్న కుంచెతో ఆ గీతను ఓపిగ్గా పూడ్చారు కూడా. కానీ నెల తిరక్కముందే ఇంకో గీత. తర్వాత ఇంకోటి. అన్నీ అదే మూల. "గేటు దగ్గర ఎడమకు ఎక్కువ కోస్తున్నవ్, జెర చూస్కో" అనేవారు. నేను చూసుకునేదాన్ని. బడి గేటు దగ్గర, కూరగాయల బజారు దగ్గర, మా గల్లీ మలుపులో కరెంటు స్తంభం దగ్గర ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని. ఇంటికొచ్చాక వంగి చూస్తే ఏమీ ఉండేది కాదు. రెండు మూడు వారాలకు మళ్లీ ఒక గీత ఉండేది. గుర్తు చేసుకుంటూ కూర్చుంటే, వెళ్లిన ప్రతి చోటా నేనే గీకానేమో అనిపించేది. ఆ స్తంభం దగ్గర ఏదో చప్పుడు విన్నట్టు కూడా అనిపించేది.

రెండేళ్లు ఇలా గడిచాక నేను మెల్లగా కారు తీయడం తగ్గించేశాను. బడికి షేర్ ఆటో. బోయిగూడలో ఉన్న మా చిన్నత్తమ్మ, అంటే అత్తమ్మ చెల్లెలు, ఇంటికి వెళ్లాలంటే, "ఆ సందుల్లో బండి పట్టదు" అని బస్సెక్కించేదాన్ని. బస్సు దిగాక అత్తమ్మ మోకాలు నొక్కుకునేది.

ఒకసారి నాకు జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. కారు కదల్లేదు. ఐదో రోజు పొద్దున ఆయన పోర్టికో లోంచి పిలిచారు. "మళ్ల గీత పడ్డది చూడు."

నేను దుప్పటి కప్పుకునే మెట్ల మీదికొచ్చాను. "నాలుగు రోజుల సంది నేను పండుకోనే ఉన్న గద!" అన్నాను. నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. పూలకుండీలకు నీళ్లు పోస్తున్న అత్తమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

ఆయన గడ్డం గోక్కున్నారు. "అవును గద" అన్నారు. "అయితే ఎవడో లోపలికొచ్చి చేస్తున్నడు. పాలాయననో, పేపరాయననో. కెమెరా పెడదం. దొరికిపోతడు."

అలా మా ఇంట్లో డాష్‌క్యామ్, అంటే కారు అద్దానికి బిగించే కెమెరా, మాట మొదలైంది.

ఇంకొకరైతే అదే రోజు ఫోన్లో ఒకటి ఆర్డర్ నొక్కేసి ఊరుకునేవారు. మా ఆయన రెండు వారాలు చదివారు. పెద్ద కాగితం మీద గడులు గీసి, ఒక వైపు కెమెరాలు, ఒక వైపు వాటి గుణాలు రాశారు. అన్నం తింటూ కూడా ఆ కాగితం చూసేవారు. ముందు ఒకటే కెమెరా చాలా, వెనక కూడా కావాలా? చీకట్లో నంబరు ప్లేటు కనపడుతుందా? బండి ఆగి ఉన్నప్పుడు కూడా కాపలా కాస్తుందా? కాస్తే కారు బ్యాటరీ దిగిపోదా? నాకు వీటిలో సగం అర్థం కాలేదు కానీ, జ్వరం తగ్గిన నోటికి ఆ రెండు వారాల మాటలు ఎంతో రుచిగా ఉండేవి. పెళ్లయిన కొత్తలో మిక్సీ కొనేటప్పుడు ఇలాగే ఒక నెల మాట్లాడుకున్నాం.

ఆదివారం రాణీగంజ్ వైపు కారు సామాన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు గోరింటాకు గడ్డం, మెడలో కళ్లద్దాల గొలుసు ఉన్న పెద్దాయన. మా ఆయన కాగితం విప్పేసరికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఇది తొందరగా తేలే బేరం కాదని అర్థమైనట్టు.

మూడు పెట్టెలు ముందు పెట్టాడు. మొదటిది బండి నడుస్తున్నప్పుడు మాత్రమే తీస్తుంది, తాళం తీస్తే నిద్రపోతుంది. రెండోది బండి ఆగినా మేలుకునే ఉంటుంది, ఎవరైనా తగిలితే తీసి, వైఫై దొరికితే ఆ ముక్కను క్లౌడ్‌లోకి పంపుతుంది. మూడోదానికి సొంత సిమ్ ఉంటుంది, ఎక్కడ నిలబెట్టినా పంపుతుంది, నెలనెలా రీఛార్జి చేయించాలి.

"ఎండకు తట్టుకుంటదా?" అని మా ఆయన అడిగారు.

"మంచి సవాల్ అడిగిండ్రు సాబ్. లోపల బ్యాటరీ ఉన్నది అయితే మే నెలల ఉబ్బుతది. గిండ్ల బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉంటది. పరేషాన్ లేదు."

"కారు బ్యాటరీ?"

"వైర్ డైరెక్ట్ ఫ్యూజ్ డబ్బాకు ఇస్తం. బ్యాటరీ జెర దిగంగనే కెమెరా తనంతల తానే బంద్ అయితది. పొద్దుగాల మీ బండి స్టార్ట్ కాకపోతే నన్నడగుండ్రి."

ఇద్దరూ అలా చాలాసేపు నడిపించారు. నేను ఊరికే వినడానికి రాలేదు కదా అనిపించి, మధ్యలో దూరాను. "అన్నా, నాకొక్కటి చెప్పు. బండి ఇంట్ల ఉంటది, నేను బడిల ఉంట. బండికి ఎవరన్న తగిలితే గప్పుడే నా ఫోన్ల కనపడ్తదా?"

"ఇంట్ల వైఫై పోర్టికో దాంక వస్తదా అమ్మా?"

"వస్తది. అత్తమ్మ ఆడ్నే కూసొని టాబ్ల ప్రవచనాలు చూస్తది."

"అయితే నడుమది తీస్కోండ్రి. సిమ్‌ది మీకు ఫుజూల్, పైసలు దండగ."

మా ఆయన తన గడుల కాగితం వైపు చూశారు. ఆయన లెక్కలో కూడా రెండోదానికే ఎక్కువ టిక్కులు ఉన్నాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "నేను రెండు వారాలు చూసిన, నువ్వు రెండు మాటల్ల తేల్చినవ్" అని నవ్వారు. మాట కూడా రికార్డు కావాలా, ఆపేయాలా అని దుకాణదారు అడిగితే, "ఉండనీ. గుద్దినోడి మాట సుత వినపడాలె" అన్నది కూడా ఆయనే.

ముందు అద్దానికి ఒకటి, వెనక అద్దానికి ఒకటి బిగించారు. ఇంటికొచ్చాక ఆయన తన ఫోన్లో, నా ఫోన్లో, అత్తమ్మ టాబ్‌లో యాప్ వేశారు. కారు ముందు ఏం జరుగుతుందో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు అని చెప్పేసరికి అత్తమ్మ ప్రవచనాలు కొన్నాళ్లు పక్కన పడ్డాయి.

మొదటి వారం మా ఇంట్లో పండగే. బడిలో కూర్చుంటే ఫోన్ టింగుమనేది. తీసి చూస్తే బానెట్ మీద కాకి. ఇంకోసారి దబ్బుమని వచ్చి పడిన పేపరు. ఒక మధ్యాహ్నం చూస్తే, అత్తమ్మ ఎండుమిరపకాయల పళ్లెం తెచ్చి బానెట్ మీద పెట్టి, కెమెరాలోకి వంగి చూస్తూ, "కనపడ్తున్ననా బిడ్డా? అన్నం తిన్నవా?" అని అడుగుతోంది. ఆఫీసులో నేను నోరు మూసుకుని నవ్వాను. కాకులకు కూడా ఫోన్ మోగుతోందని ఆయన ఏవో మార్చి, బండి అదిరితేనే కబురు వచ్చేలా పెట్టారు. తర్వాత చాలా రోజులు ఫోన్ ఊరుకుంది.

ఆ రోజు బుధవారం అనుకుంటాను. ముందు రోజు కూరగాయలకని కారు తీశాను. నేను అప్పుడే బడికి చేరి రిజిస్టరు తెరిచాను. ఫోన్ టింగుమంది.

మా పోర్టికోలో కారు ఇంటి వైపు ముఖం పెట్టి ఉంటుంది. కారుకీ మెట్లకీ మధ్య సందులో స్కూటర్ ఉంటుంది. వీడియోలో మా ఆయన ఉన్నారు, టిఫిన్ సంచీతో. స్కూటర్ స్టాండు తీసి, వెనక్కీ ముందుకీ జరిపి గేటు వైపు తిప్పుతున్నారు. రోజూ చేసే పనే. హెల్మెట్ హ్యాండిల్‌కు వేలాడుతోంది, గేటు దాటాకే తలకు పెట్టుకోవడం ఆయన అలవాటు. దాని పట్టీ చివర ఇనప బకిల్ ఊగుతోంది. స్కూటర్ తిరిగింది. హెల్మెట్ వచ్చి కారుకు ఠక్కుమని తగిలింది. బకిల్ బంపరు ఎడమ మూల మీద కర్రుమని ఈడ్చుకుంటూ పోయింది. ఆయన కళ్లు వెనక చక్రం మీద, పూలకుండీ మీద ఉన్నాయి.

అంతటితో అయిపోలేదు. ఆయన స్కూటర్ ఆపి, ముందుకొచ్చి, వంగారు. ఆ మూల మీద వేలు పెట్టి రాశారు. తల ఎత్తి ఇంటి వైపు చూసి, స్పష్టంగా, "అమ్మా! నిన్న మళ్ల ఏడనో గీకింది చూడు!" అన్నారు.

నేను మళ్లీ వేసి చూశాను. ఇంకోసారి చూశాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్లు చెమ్మగిల్లాయి. నేను గీకలేదు. రెండేళ్లుగా ఏ స్తంభానికీ, ఏ గేటుకీ నేను గీకలేదు. ఆ స్తంభం దగ్గర విన్నానని అనుకున్న చప్పుడు కూడా ఉత్తదే.

ఇంతలో అత్తమ్మ ఫోన్. హలో కూడా లేదు. "చూసినవా?"

"చూసిన అత్తమ్మా."

"ఏమనకు. ఫోన్ చెయ్యకు. ఇంటికి రానీ, నేను చూస్కుంట." ఆవిడ నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఆయన వచ్చి, చెప్పులు విడుస్తూనే, "పొద్దుగాల అలర్ట్ వచ్చింది గాని, అది నేను స్కూటర్ తీసింది. జెర సుతారంగ తగిలినా మోగుతున్నది, ఇంక తగ్గియ్యాలె" అన్నారు. వీడియో తెరిచి చూడనే లేదన్నమాట.

అత్తమ్మ టాబ్ ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. "ఇట్ల కూసో కొడుకా" అంది.

ఆయన చూశారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆయన ముఖం చూశాను. కర్రుమన్న చోట కళ్లు చిట్లించారు. "అమ్మా! నిన్న మళ్ల" అని తన గొంతు తనకే వినపడేసరికి చెవులు ఎర్రబడ్డాయి. లేచి, టేపు తీసుకుని బయటికి వెళ్లారు. వేలాడే బకిల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచారు. గీతలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచారు. లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

"నేనే" అన్నారు. "అన్ని నేనే చేసిన. రెండేండ్లు నిన్ను అన్న."

ఏదైనా గట్టిగా అనాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవన్నీ పక్కన పెట్టి, "రిజెక్ట్ ముద్ర కొట్టుకోండ్రి" అన్నాను. అత్తమ్మ అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారిగా వదిలింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు తుడుచుకుంటూ, దగ్గుతూ నవ్వింది. ఆవిణ్ని చూసి నేను, నన్ను చూసి ఆయన. టీ పొంగి పొయ్యి మీద పడే దాకా ఎవరికీ సోయి లేదు.

ఆదివారం ఆయనే తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "బోయిగూడ పోదం. అమ్మ చెల్లెను చూడక ఎన్ని దినాలాయె."

"ఆ సందుల్లనా?"

"నడిపేది నువ్వే. నేను కూసుంట."

వెళ్లాం. బోయిగూడ సందుల్లో రెండు వైపులా బైకులు, ముగ్గుల మీద కుర్చీలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్లు, ఎదురుగా నీళ్ల డబ్బాల ఆటో. ఆటో అతను చెయ్యి ఊపి, "రా అక్కా, వస్తది, రా" అంటూ వెనక్కి వెళ్తుంటే, నేను అంగుళం అంగుళంగా ముందుకు వెళ్లాను. చెమట పట్టింది కానీ భయం వేయలేదు. చిన్నత్తమ్మ ఇంటి ముందు గోడ పక్కగా ఆపితే, ఆయన దిగి నాలుగు వైపులా చూశారు. ఏమీ దొరకలేదు.

చిన్నత్తమ్మ మాకు సర్వపిండి పెట్టింది. కెమెరా సంగతీ, వీడియో సంగతీ అక్క నోటి నుంచి రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత లేచి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది.

"ఏడికి?" అన్నాను.

"నాకెర్కలే. నువ్వు తీస్కపో. మీ అత్తను తిప్పుతవ్ గద, నన్నొక్కనాడన్న తిప్పవా?"

అక్కాచెల్లెళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. నేను ట్యాంక్‌బండ్ వైపు తిప్పాను. వాళ్లు చిన్నప్పటి చుట్టాలందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంటూ, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ, ఒకరి చెయ్యి ఒకరు కొడుతూ నవ్వుతున్నారు. మా ఆయన పక్క సీట్లో అద్దం దించి, గాలికి కళ్లు మూసుకున్నారు. నీళ్ల పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి వెనక నుంచి చిన్నత్తమ్మ నా భుజం తట్టింది.

"ఇంకొక్క చుట్టు బిడ్డా."