ఉపమకీ రూపకానికీ తేడా తెలియని పెదనాన్న

ఎదుటివాళ్లు ఏం మాట్లాడినా, అందులో ఏ అలంకారం ఉందో చెప్పందే మా పెదనాన్నకి ముద్ద దిగదు. బీపీ, షుగరు ఇంతవరకూ ఆయన గడప తొక్కలేదు. తమకీ ఏదో అలంకారం పేరు పెడతారని భయపడ్డాయి కాబోలు. జబ్బులు భయపడ్డట్టు ఊహించాను కాబట్టి ఇది ఉత్ప్రేక్ష. చూశారా, నాకూ అంటుకుంది.

ఆయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. బడి వదిలారు కానీ పాఠం వదల్లేదు. ఓసారి మెట్ల మీద జారిపడి కాలు పట్టుకు కూర్చుంటే, అమ్మ పరుగెత్తుకొచ్చి, "అయ్యో బావగారూ, మా ప్రాణాలు పోయాయి" అంది.

"అతిశయోక్తి అమ్మాయ్. గోరంతను కొండంత చేశావు. బెణికింది నా చీలమండ ఒక్కటే" అన్నారాయన పళ్లు బిగబట్టి.

ఫ్యాను బాగుచేయడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ దాని చప్పుడు విని, "మీ ఫ్యాను రోడ్డు రోలరు సార్" అన్నాడు.

"రూపకం. ఇదే అదని తేల్చేశావు. రోడ్డు రోలరులా ఉందంటే ఉపమ అయ్యేది."

"ఏదైనా సరే సార్, బేరింగు అరిగిపోయింది."

"స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు చెప్పావు" అని మెచ్చుకుని, నిచ్చెన పట్టుకున్నారు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం తప్పులో కాలేసేవారు. మా చెల్లికి మాట తడబడుతుంది. ఏదో ఒక అక్షరం దగ్గర గొంతు ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా మేం మంచికే అనుకుని ఆ మాట అందించేవాళ్లం. అందించామా, ఇక ఆ పూటంతా అది నోరు విప్పేది కాదు.

ఒకరోజు అది, "మా కొత్త లెక్చరరు గొంతు తు... తు..." అని ఆగింది. నేను నోరు తెరిచేలోపే పెదనాన్న అందుకున్నారు.

"ఇందాక మీ అమ్మ ఈ కుర్చీ రాయిలా ఉందంది చూడు, అది రూపకం."

"'లా' ఉంటే ఉపమ కదా అన్నయ్యా" అన్నారు నాన్న.

"రాయి కూడా ఉందిగా."

"రాయి ఉంటే ఏంటి బావగారూ" అంటూ అమ్మ గరిటెతో సహా వాదనలోకి దిగింది. గోల సద్దుమణిగాక చెల్లి తాపీగా, "తుప్పు పట్టిన గేటులా ఉంటుంది" అని ముగించింది.

"ఇదీ ఉపమంటే" అన్నారు పెదనాన్న.

"ఈయన ఇన్నాళ్లూ పిల్లలకేం చెప్పాడో ఏమో" అని నాన్న గొణుక్కున్నారు.

చెల్లి చదువయ్యాక, పెదనాన్న పనిచేసిన బడిలోనే తెలుగు టీచరు ఉద్యోగం ఖాళీ పడింది. ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. వాళ్లిచ్చిన పాఠం అలంకారాలు. "ఇది కాకపోతే టీచరు ఆశే వదిలేస్తాను" అంది చెల్లి. అన్నంత పనీ చేసే రకం అది. నాకు భయం పట్టుకుంది.

ఆ రోజు వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్, ఆవిడ పక్కన పెదనాన్న కూర్చున్నారు. ఆ బడిలో ఈనాటికీ ఆయన మాట వేదవాక్కు. నేను కిటికీ బయట నిలబడ్డాను.

చెల్లి బోర్డు మీద 'ఆమె ముఖం చంద్రుడిలా ఉంది' అని రాసి, పిల్లల వైపు తిరిగింది.

"ఇది ఉ... ఉ..."

హెడ్మిస్ట్రెస్ జాలిపడి మాట అందించబోయారు. అంతలో పెదనాన్న లేచారు.

"టీచరుగారూ, అది రూపకమే కదండీ?"

క్లాసంతా వెనక్కి తిరిగింది. రెండు జడల పిల్ల ఒకతె లేచి, "కాదు తాతగారూ, అక్కడ 'లా' ఉంది" అంది.

"ఉంటే?"

"ఉంటే పోలిక."

"పోలికైతే రూపకం కాదా?"

పిల్లలంతా ఆయన మీద విరుచుకుపడ్డారు. చెల్లి ఊపిరి పీల్చుకుంది. నవ్వింది కూడా.

"తాతగారికి నేను చెప్తాను, కూర్చోండి. చంద్రుడిలా ఉంటే ఉపమ. ముఖమే చంద్రుడంటే రూపకం."

తర్వాత ఇంకోచోట ఆగింది. ఈసారి పిల్లలు ఊరికే ఎదురుచూశారు. అది తన మాట తనే పూర్తి చేసుకుంది.

గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ నన్ను పక్కకి పిలిచారు. "అమ్మాయిని తీసుకుంటున్నాం. మాస్టారికే పాపం, వయసు మీద పడినట్టుంది. డాక్టరుకి చూపించండి."

అప్పుడు వెలిగింది నాకు. ఎలక్ట్రీషియన్‌కి కూడా తేడా విడమరిచి చెప్పిన మనిషి, చెల్లి మాట ఆగినప్పుడే తప్పు చెప్పేవారు. మేం ఆయన మీద పడితే, దానికి తీరిక దొరికేది. ఇవాళ తన బడిలో, తన పేరంతా పణంగా పెట్టి అదే పని చేశారు. ఆయన మీద నాకు పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇంటికెళ్లగానే ఈ సంగతి అందరికీ చెప్పేశాను. నాన్న తలొంచుకున్నారు. చెల్లి మాత్రం, ఎప్పుడో తెలుసన్నట్టు నవ్వింది.

"పెదనాన్నా, మీరు చాలా మ... మ..."

మేం నోళ్లు మూసుకుని కూర్చున్నాం. ఎంతసేపైనా సరే అనుకున్నాం.

"మంచివారు. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ అలంకారం?"

పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అతిశయోక్తి" అన్నారు.

"తప్పు" అన్నాం అందరం ఒక్క గొంతుతో. "స్వభావోక్తి."