అలిగే నీలికుండ

అబెవొకుటా ఊళ్లో ఇయా సుబూలా చిరుతకు భయపడదు, పోలీసుకు భయపడదు. తన పెరట్లో నీలిమందు పులిసే కుండకు మాత్రం భయపడుతుంది. పొద్దున్నే దాని ముందు మోకరిల్లాకే పళ్లు తోముకుంటుంది. ఆ పక్కగా వెళ్లే మేకలు కూడా గొంతు తగ్గించే అరుస్తాయి.

"మెల్లగా మాట్లాడవే, కుండ వింటోంది," అంటుంది అద్దకం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లతోనూ. దాని మీదికి తుమ్మిన ఒకతెకు నీలిరంగు కవలలు పుట్టారట.

కొత్తగా చేరిన అబెకెకు ఇవన్నీ విని నిద్ర పట్టడం మానేసింది. గుడ్డలు పాడుచేస్తోందని అప్పటికే ఇద్దరు ఆమెను వెళ్లగొట్టారు. ఇక్కడా తరిమేస్తే ఆ ఊళ్లో ఆమెకు పని నేర్పేవాళ్లు లేరు. ఆ దిగులుతోనే కోడి ఈకను కర్రపెండలం గంజిలో ముంచి తెల్లగుడ్డ మీద పక్షులను గీసింది. గంజి ఉన్నచోట రంగు ఎక్కకూడదు. ఆరాక గుడ్డను కుండలో ముంచి తీసింది. ఆకుపచ్చగా పైకొచ్చిన గుడ్డ గాలి తగిలి నీలంగా మారుతుంటే, ఆ నీలం పక్షుల్లోకీ పాకింది. ఒక్కదానికీ తల మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే గుడ్డ పురమాయించిన ఇయా టిటీలోలా లోపలికొచ్చింది. ఆవిడ గొంతెత్తితే బజారులో టమాటా గుట్టలు కూలిపోతాయి.

"మనవడికి పేరు పెట్టే రోజున తలల్లేని పక్షులు కట్టుకోనా? ఏ చెయ్యి గీసింది దీన్ని?"

అబెకె ఒప్పుకుందామని నోరు తెరిచింది. ఇయా సుబూలా ఆమె కాలు తొక్కింది.

"తప్పు నాదమ్మా. ఇవాళ కుండకు మోకరిల్లడం మరిచాను. అలిగి తలలు మింగేసింది."

పొద్దున ఆవిడ మోకరిల్లడం అబెకె కళ్లారా చూసింది.

"కుండ మింగడమేంటి?"

"నువ్వూ అనుమానించకు తల్లీ. పోయినసారి అనుమానించిన ఆవిడ తలకట్టు ఇంకా దొరకలేదు. తల కూడా అంటారుగానీ, నేను చూడలేదు."

టిటీలోలా తలకట్టును రెండు చేతులా పట్టుకుంది. "ఇంకో గుడ్డ ఎప్పటికి?" అని గుసగుసగా అడిగి, కుండకు వీపు చూపించకుండా వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయింది.

"గంజి పల్చగా కలిపింది నేనే అమ్మా," అంది అబెకె బిక్కమొహంతో. "నన్ను పంపేస్తారా?"

గుడ్డలు పిండుతున్న పాత శిష్యురాలు మోరిన్ కిసుక్కుమంది. "నా మొదటి గుడ్డలన్నీ ఆ కుండే పాడుచేసింది. నీ తప్పంటే అది ఒప్పుకోదు."

ఇయా సుబూలా అబెకె వేలు పట్టుకుని గంజిలో ముంచింది.

"రేపు ఇంతకు రెట్టింపు చిక్కగా కలుపు. ఈ కుండ అలగడానికి నా దగ్గర ఇక సాకులు మిగల్లేదు."