షట్టరులో సాంచె నూనె

కోరుట్లలో నాకు కెమెరా అమ్మినాయన దాన్ని ఎప్పుడో దుబాయ్ నుంచి తెచ్చుకున్నాడట. రీలు వేసే కెమెరా. బీరువాలో చీరల కింద పెట్టి మరచిపోయారు. "మంచిగ కొడ్తది మేడం, ఒక్కసారి గూడ రిపేరుకు పోలే," అన్నాడు. వాడని వస్తువు రిపేరుకెందుకు పోతుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. పాత కెమెరాల పిచ్చి నాది, ఆయన్ని అని ఏం లాభం.

జగిత్యాలలో మా ఇంటికి తెచ్చాక, రీలు వేయకుండానే వెనక తలుపు తెరిచి, కిటికీ వైపు పెట్టి నొక్కి చూశాను. లెన్సు మధ్యలో సన్నటి రేకులుంటాయి. నొక్కితే తెరుచుకుని మూసుకోవాలి. అదే షట్టరు. వేగం ఎక్కువ పెడితే టక్కున పడుతోంది. తగ్గిస్తే తెరుచుకుని అలాగే నోరు వెళ్లబెడుతోంది. బ్యాటరీ అనుకుని మార్చాను. ఈ రకం కెమెరాలో బ్యాటరీ వెలుతురు కొలవడానికే తప్ప షట్టరుకు అక్కర్లేదని తర్వాత తెలిసింది. కాసేపు ఎండపొడ తగలనిస్తే కొంచెం నయం. అంటే లోపలి గ్రీజు గట్టిపడిందన్నమాట. ముందు లెన్సు విప్పి, సిగరెట్ లైటర్లలో పోసే ద్రవంతో రేకులు తుడవాలి. తుడిచాక చుక్క తడి ఉండకూడదు.

ఆ ద్రవం సీసా కొనుక్కున్న రోజే సిరిసిల్ల నుంచి బాపు ఫోను చేశాడు. మాకు మిగిలిన ఒక్క సాంచెను అమ్మేశాడట. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఆదివారం పొద్దున పాత ఇనుము వాళ్లు వచ్చి విప్పుకుపోతారు.

"బిడ్డా, నీ కెమెరా పట్కరా. సాంచె నడుస్తుండంగ, నేను పక్కన నిలవడి ఒక్క ఫోటో గావాలె."

"ఫోన్ల తీస్త కదా బాపూ."

"ఫోన్ల మస్తున్నయ్. ఒక్కటన్న గోడకెక్కిందా? ఇంట్ల మనిషి పోతే ఫోటో పెట్టుకుంటం. గిన్నేండ్లు అన్నం పెట్టింది, దీనికొద్దా?"

వస్తానన్నాను.

శనివారం సిరిసిల్లలో, వాకిట్లో పేపరు పరిచి ముందు లెన్సు విప్పాను. రేకులు బయటపడ్డాయి. చాయ్ పెట్టుకుందామని లోపలికి వెళ్లి వచ్చేసరికి, కెమెరా ముందు బాపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పొడుగు ముక్కు నూనె డబ్బా. పొద్దున్నే సాంచె స్టార్టు చేసేముందు దాని కీళ్లన్నిటికీ పోసేది ఆ డబ్బాతోనే. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టు మిషను మొరాయించినా మొదటి మందు అదే.

"పట్టేసినట్టుంది బిడ్డా. రెండు సుక్కలేసిన," అన్నాడు, నేను మెచ్చుకుంటానని చూస్తూ.

రేకులన్నీ తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నొక్కితే కదల్లేదు.

"నీకెవలు చెప్పిన్రు బాపూ! ఒక్కమాట అడుగరాదా! ఇగ ఫోటో లేదు, ఏం లేదు!" నా గొంతు వీధి చివరికి వినపడి ఉంటుంది.

ఆయన డబ్బా ముక్కును గుడ్డతో తుడిచాడు. "మిషనన్నంక నూనె లేకుంట ఎట్ల నడుస్తది?" అని మెల్లగా అని షెడ్డులోకి వెళ్లిపోయాడు. కాసేపటికి సాంచె చప్పుడు మొదలైంది. మిగిలిన నూలు అయిపోగొడుతున్నాడు.

లైటరు ద్రవంలో ముంచిన దూది పుల్లలతో తుడుస్తూ కూర్చున్నాను. తుడిస్తే పోతుంది, నొక్కితే సందుల్లోంచి మళ్లీ ఊరుతుంది. పొద్దుగూకేదాకా అదే పని. ఆదివారం లేచి చూస్తే రేకులు ఆరి ఉన్నాయి. అన్ని వేగాల్లోనూ నొక్కాను, అన్నిట్లోనూ పడింది. అబ్బా, ప్రాణం లేచొచ్చింది! లెన్సు బిగించి, రీలెక్కించి షెడ్డుకు పరుగెత్తాను.

ఇనుము వాళ్లు అప్పటికే వచ్చి మోటారు విప్పేశారు. ఇక సాంచె నడిచేది లేదు. పక్కన బాపు తెల్ల అంగీ తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు. నా కోసం వాళ్లను ఆగమని కూడా అనలేదు.

సాంచె కాళ్లను నేలకు బిగించిన బోల్టులు రావడం లేదు. బిగించిన నాటి నుంచి వాటిని ఎవరూ విప్పింది లేదు. ఒకతను సుత్తె ఎత్తాడు.

"ఏయ్, కొట్టకు! పట్టేసింది, గంతే," అన్నాడు బాపు. వెళ్లి నూనె డబ్బా తెచ్చి, తెల్ల అంగీతోనే మోకాళ్ల మీద కూర్చుని, బోల్టు మొదట్లో రెండు చుక్కలు వేశాడు. "జర నాననియ్. అదే అస్తది."

అప్పుడు నొక్కాను. ఇవాళ గోడ మీదున్నది ఆ ఫోటోనే. అందులో సాంచె నడవడం లేదు, బాపు ముఖం కూడా సరిగ్గా కనపడదు. వంగిన వీపు, డబ్బా పట్టుకున్న చెయ్యి కనపడతాయి.

షట్టరు చప్పుడుకు ఆయన తలెత్తాడు.

"నడుస్తుందా బిడ్డా?"

"నడుస్తుంది బాపూ."

"మంచిగైంది," అని రెండో బోల్టు దగ్గరికి జరిగాడు.