నదికి తూము

"...చింపలే, కోసిన. చింపుడు వేరు, కోసుడు వేరు."

"ఏదైతేంది? కొత్త పంచె సగమైందా లేదా? శ్రావణంల అక్క బిడ్డ పెండ్లికి నేనేం కట్టుకపోవాలె? నీ బొంత కట్టుకపోవాల్నా?"

"పాతది కట్టుకపో."

"పాతది ఎర్రమన్ను రంగుకు రాలె?"

"వచ్చింది. అందుకే కొత్తది కోసిన. పాతదాంతోని కుడితే అది కృష్ణ కాదు, మన ఆలేరు వాగైతది."

లింగస్వామి భార్య ముందు నుంచి గుడ్డ లాక్కున్నాడు. మిగిలిన సగం పంచెను రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకెత్తి చూశాడు. అంచు వంకర పోకుండా, దారం లేవకుండా కోసిన తీరు చూసి ఇంకా కోపం వచ్చింది. "తెలివి మస్తుంది నీకు" అని గడపలో కూర్చున్నాడు. పక్కగదిలో కిరాయికుంటున్న డ్రాయింగు సారు అమరేందర్ గోడ అవతల నుంచి అంతా విన్నాడు. కృష్ణానదిని బొమ్మగా కుట్టమని పురికొల్పింది ఒక విధంగా తానే కాబట్టి బయటికి రాకుండా లాంతరు చిమ్నీ తుడుస్తూ కూర్చున్నాడు.

లింగస్వామి రైల్వేలో గ్యాంగుమను. ఆలేరు స్టేషను వెనుక వాడలో వాళ్ల ఇల్లు. అతని భార్య బాలనర్సమ్మకు అప్పటికి నలభై దాటాయి. ఒక్కతే బిడ్డ, పెళ్లయి భువనగిరిలో ఉంటోంది.

బొంత కుట్టడం బాలనర్సమ్మకు తల్లి దగ్గర అబ్బింది. వాడలో ఆడవాళ్లందరూ కుట్టేవాళ్లే. పాత చీరెలు పొరలు పొరలుగా పరిచి అంచు నుంచి అంచుకు వరుస కుట్టు వేస్తారు. ఆమె మాత్రం పై పొరలో రంగు ముక్కలు అతికి బొమ్మలు చేసేది. పిల్లలతో తల్లికోడి, స్టేషనులో నీళ్ల ట్యాంకు, గేటు పడితే ఆగిపోయిన బండ్లు. ఎరుపూ పచ్చా కావాలంటే లింగస్వామి పనిలో చిరిగిపోయిన జెండా గుడ్డలుండేవి. నలుపుకు పాడైన గొడుగు. ఎవరూ వాటిని బొమ్మలని అనలేదు. చలికాలం కప్పుకున్నారు, ఎండాకాలం పరుచుకున్నారు. పాతబడ్డాక ఆ బొంత ఇంకో బొంతలో లోపలి పొరయ్యేది. ఆమె ఇంట్లో ఉన్న ఏ బొంతను విప్పినా లోపల పాత బొమ్మలు వెలిసిపోయి ఉండేవి.

అమరేందర్ సారు 1958లో ఆ ఊరి బడికి వచ్చాడు. గదిలో దిగిన మర్నాడు పొద్దున దడి మీద ఆరేసిన బొంత ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆమె వచ్చి, "కావాల్నా సారూ? మీ ఇంటికాడి పాత చీరెలుంటే తెచ్చుకోండ్రి, కుట్టిస్త" అంది.

"బొంత కాదక్కా. గీ బండ్లు నువ్వే ఏసినవా?"

"బండ్లు కాక ఏనుగులేస్తరా సారూ ఆలేర్ల?"

అలా ఆమె మూటలోకి వచ్చింది.

మూట అంటే నిజంగా మూటే. మైనపుగుడ్డలో చుట్టి తాడు కట్టిన బొమ్మల మూట. అది సారు మొదలుపెట్టింది. ఆలేరు నుంచి నల్లగొండకు, అక్కడి నుంచి ఆలంపూర్‌కు, తర్వాత కొల్లాపూర్‌కు, తిరిగి ఆలేరుకు. బస్సు కండక్టరో, బంధువుల ఊరికి పోయే మనిషో పట్టుకుపోయేవాడు. నల్లగొండలో గాలయ్య అని గాజుల దుకాణమాయన కర్రలో పిట్టలు చెక్కేవాడు. ఆలంపూర్‌లో కురుమయ్య గుడి స్తంభాల మీది శిల్పాలను కాగితం మీదికి ఎక్కించేవాడు. కొల్లాపూర్‌లో పుల్లమ్మ దవాఖానలో దుప్పట్లు ఉతికే మనిషి. పనికిరాని కాగితాల వెనుక వైపు పెన్సిలుతో గీసేది. మూట వచ్చినప్పుడు తన పాత బొమ్మ తీసుకుని కొత్తది పెట్టాలి. తక్కినవి చూసి ముందుకు పంపాలి.

మూటలో మాట రాయకూడదన్నది ఒక్కటే నియమం. తొలిసారి తిరిగినప్పుడు ఎవరో రాసిన ఒక వాక్యానికి కురుమయ్య అలిగి మూటను ఆర్నెల్లు ఆలంపూర్ దాటనివ్వలేదు. అప్పటి నుంచి చూసినవాళ్లు బొమ్మ వెనుక తమ గుర్తు పెడితే చాలు అనుకున్నారు. గాలయ్యది బొగ్గుగీత. కురుమయ్యది పసుపు వేలిముద్ర. పుల్లమ్మ, బట్టలకు వేసే నీలిమందుతో చుక్క పెట్టేది. చదువురాని బాలనర్సమ్మకు ఆ నియమం బాగా నచ్చింది. కాగితం మూలన ఎర్రదారంతో ఒక్క కుట్టు వేసేది.

మూట తిరిగొచ్చిన రోజు ఆమె ముందు తన బొమ్మను వెనక్కి తిప్పి చూసుకునేది. నీలిచుక్క ఎక్కడుందా అని. తర్వాత పుల్లమ్మ కాగితం తీసి ఒళ్లో పెట్టుకునేది.

పుల్లమ్మ కాగితం మీద ఎప్పుడూ నదే, వాళ్ల ఊరి వైపు పారే కృష్ణ. రేవులో గుండ్రటి పుట్టి, దాంట్లో మేకలతో ఎక్కిన మనుషులు. ఆరబెట్టిన వల. బండ మీద బట్టలుతికే ఆడవాళ్లు. వీటన్నిటి చుట్టూ నది ఉన్న చోట పుల్లమ్మ ఏమీ గీసేది కాదు. కాగితాన్ని తెల్లగా వదిలేసేది. బాలనర్సమ్మ ఆ తెలుపు మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు జరిపేది.

ఆమె ఎరిగిన నీళ్లు రెండు రకాలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే వాగు. కట్టా తూమూ ఉండి, తూము తీస్తే పొలానికి పారే చెరువు.

"అవతలి ఒడ్డు కనిపిస్తదా సారూ?" అని అడిగింది ఒకసారి. సారు ఆలంపూర్‌కు రైల్లో పోతూ గద్వాల దగ్గర కృష్ణను దాటి ఉన్నాడు.

"కనిపిస్తది. ఒడ్డు మీద మనుషులు గూడ కనిపిస్తరు గని, ఆడోళ్లో మొగోళ్లో తెల్వదు."

"ఎండకాలం గూడ నీళ్లుంటయా?"

"తగ్గుతయి గని ఉంటయి."

ఈ రెండో ప్రశ్నను ఆమె మాటలు మార్చి ఇంకా చాలాసార్లు అడిగింది. "చైత్రంల?" అనేది. "మొన్న వానలు పడలే గద, అయినా?" అనేది. ఉంటయక్కా అని అతను చెప్పినప్పుడల్లా సూది ఆపి వినేది.

సారు వచ్చిన నాలుగో ఏడు వేసవి చివర ఆమె కృష్ణను కుట్టింది. పంచె తగువు అప్పటిదే.

మూట కట్టే రోజు సారు గుడ్డను నేల మీద పరిచాడు. నడుమ తెల్లటి నది. గొడుగు గుడ్డతో పుట్టి. జెండా ఎరుపు చీరెలో ఒక ఆడమనిషి. చూస్తూ చూస్తూ కుడివైపుకు వచ్చి ఆగిపోయాడు. అక్కడ రాళ్లు పేర్చిన కట్ట ఉంది. కట్ట మధ్యలో రెండు రాతికంబాలు, వాటి నడుమ పైకి లేచిన కర్ర.

"అక్కా, నదికి తూమేందక్కా?" నవ్వు ఆగలేదు.

"తూము లేకుంటె నీళ్లు పొలాలకెట్ల వస్తయి?"

"రావు. నదికి కట్ట ఉండది. అది పోతనే ఉంటది."

"ఎవ్వలు ఇడువకుంటనేనా? నీరటోడు గూడ లేడా తూము తీసెతందుకు?"

"లేడు. దానంతట అదే పోతది."

"అన్ని నీళ్లు ఊరికెనే పోతయా!" అందామె. అంతలోనే ముఖం వాడిపోయింది. "ఇటియ్యి సారూ. కట్ట ఇప్పేస్త. ఒక్క పూటల ఐతది."

నల్లగొండ బస్సుకు పోయే మనిషి అప్పటికే వాకిట్లో నిలబడి తొందరపెడుతున్నాడు. "ఉండనియ్యక్కా, బాగనే ఉంది" అని సారు గుడ్డ మడిచాడు. మూట వెళ్లిపోయింది. బాలనర్సమ్మ కత్తెర పట్టుకుని గడపలోనే ఉండిపోయింది. గాలయ్య నవ్వినా, కురుమయ్య నవ్వినా ఆమెకు ఫికర్ లేదు. పొద్దున లేస్తే నదిని చూసే మనిషి ముందుకు తూము పోతోంది.

శ్రావణంలో లింగస్వామి పాత పంచె ఉతికించుకుని జమ్మికుంటకు పెళ్లికి పోయాడు. రైల్వేవాళ్లిచ్చే పాసు ఏటా జమ్మికుంటకే, అతని అక్క ఊరికే రాయించేవాడు. బాలనర్సమ్మ అతని వెంట పోయి వచ్చేది. తనకు ఇంకో ఊరు పోవాలనుందని ఎన్నడూ అనలేదు. పెళ్లిలో లింగస్వామి అడిగినవాడికీ అడగనివాడికీ, "నా పంచెను నా పెండ్లాం కృష్ణమ్మకు కట్టవెట్టింది" అని చెప్పి నవ్వించాడు. తిరుగు రైల్లో, "మా బావ గూడ మెచ్చుకున్నడే" అన్నాడు.

వానలు బాగా పడ్డాయి. చెరువు నిండి అలుగు పోసింది. నాట్లకు పోయిన బాలనర్సమ్మ అక్కడ ఆగి, ఎవరూ తీయకుండానే గట్టు మీంచి దూకిపోతున్న నీళ్లను చూసింది. "ఏందే, నీళ్లెన్నడు చూడలే?" అని వెనుక నుంచి తోటి కూలి సోమమ్మ అరిచేదాకా కదల్లేదు.

దీపావళి దాటాక మూట తిరిగొచ్చింది. సారు గదిలో పెట్టె తాళ్లు కట్టి ఉంది. అతనికి ఆదిలాబాదుకు బదిలీ అయింది.

"ఇదే ఆఖరుదక్కా" అన్నాడు ముడి విప్పుతూ. "గాలయ్యకు కండ్లు సక్కగ కనిపిస్తలేవు. నేను పోతే పట్టించుకునేటోళ్లు లేరు. నీకేది కావాలంటే అది ఉంచుకో."

ఆమె తన గుడ్డ తీసి వెనక్కి తిప్పింది. బొగ్గుగీత ఉంది. పసుపు ఉంది. నీలిచుక్క లేదు. మడతలు విప్పి అంచుల వెంట చూసింది. వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో చూసింది. లోపలికి వచ్చి గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"మూట ఆడిదాక పోలేదేమో" అన్నాడు సారు. కానీ అడుగున పుల్లమ్మ కాగితం ఉంది. అతను దాన్ని తీసి చూసి ఆమె చేతికిచ్చాడు.

ఎప్పటిలాగే నది తెల్లగా ఉంది. రేవు ఉంది, పుట్టి ఉంది. కుడివైపు ఒక కట్ట. రాయి మీద రాయి, ఏ రాయికా రాయి విడిగా ఓపికగా గీసిన కట్ట. మధ్యలో తూము. రెండు కంబాలు, నడుమ లేచిన కర్ర. ఆ కర్ర కొసన నీలిచుక్క. తూము పక్కన కట్ట మీద ఒక ఆడమనిషి ఒళ్లో గుడ్డ పరుచుకుని సూదితో కుడుతోంది. కొప్పు గీసింది, గాజులు గీసింది, వంగిన మెడ గీసింది. ముఖం ఉండాల్సిన చోట నదిలాగే తెల్లగా వదిలేసింది.

"నిన్నే గీసిందక్కా."

"ముఖమేది?"

"నిన్నెన్నడు చూడలే గద."

బాలనర్సమ్మ ఆ తెలుపు మీద వేలు పెట్టింది, మళ్లీ తీసింది. "నేను గూడ ఆమెను చూడలే" అంది. "మూట ఆగిపోయిందని ఆమెకెవరు చెప్తరు?" అని అడిగింది.

"ఉత్తరం రాస్త. దవాఖానల ఎవరన్న చదివి చెప్తరు."

"బొమ్మ అందిందని గూడ రాస్తవా?"

"రాస్త."

ఆమె తల ఊపింది. కానీ లేచి పోలేదు. మూట విప్పిన మైనపుగుడ్డను నాలుగు మడతలు పెట్టి మోకాళ్ల మీద ఉంచుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.

సారు వెళ్లిపోయాడు. అతని గదిలోకి పత్తి దుకాణం గుమాస్తా దిగాడు. సాయంత్రాలు బస్సు వచ్చే వేళకు బాలనర్సమ్మ పని లేకపోయినా రోడ్డు దాకా పోయి వచ్చేది. కొల్లాపూర్‌లో కూడా ఒకామె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఇట్లాగే బస్సుకు ఎదురుచూస్తుంటుందని అనుకునేది. ఉత్తరం చేరిందో లేదో. పుల్లమ్మ కాగితాన్ని బియ్యం గంప మీది గూట్లో పెట్టుకుంది. అన్నం వండేటప్పుడు కనిపించేది.

చలికాలం వచ్చింది. ఒకనాటి సాయంత్రం లింగస్వామి పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "రేపు ఆఫీసుల బాబు పాసులు రాస్తడంట" అన్నాడు. "జమ్మికుంటకే రాయిస్త. అక్కోళ్లు ఇల్లు కట్టుకున్నరు, చూసి రావాలె."

బాలనర్సమ్మ కుడుతూనే ఉంది. ఆమె ఒళ్లో మిగిలిన సగం పంచె ఉంది. దాని మీద రాళ్ల కట్ట ఒకటి కుట్టి ఉంది. కట్ట మీద పక్కపక్కన ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చీరెలు అతికింది, గాజులు కుట్టింది. ముఖాలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

లింగస్వామి తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "అది గూడ కోసినవా! సగమన్న మిగిలిందనుకున్న" అన్నాడు. "ముఖాలెందుకు కుట్టలే?"

ఆమె దారం పంటితో తెంపి, సూదిని గుడ్డకు గుచ్చింది.

"పాసు జమ్మికుంటకు వద్దు. మహబూబ్‌నగర్‌కు రాయించు. ఆడికెంచి బస్సు ఎక్కి కొల్లాపూర్ పోత. నువ్వస్తే రా, లేకుంటె నేనొక్కదాన్నే పోత."