గుడ్డ తీసిన తర్వాత టీవీలో కనిపించిన తాళి

మొన్న మాఘమాసం రెండో గురువారం, పగలు పదీ ఇరవైకి ఇది జరిగింది. దయ్యాలనీ భూతాలనీ నమ్మే మనిషిని కాదు నేను. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కాపలా పడుకున్నదాన్ని. ఆ రోజు కళ్లజోడు కూడా పెట్టుకునే ఉన్నాను.

మాది ఉదయగిరి. నా కొడుకు వెంకటేశు కూతురు సుజాతకు తల్లి లేదు, నేనే పెంచాను. యాభై దాటిన నా చేత పలక పట్టించి అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే. పెళ్లి ఆత్మకూరులో పెట్టుకున్నాం. తాళి కట్టేటప్పుడు తన వెనక కుర్చీలో అవ్వే కూర్చోవాలని పట్టుబట్టింది. మొగుడు లేనిదాన్ని, పనికిరానని ఎవరో గొణిగారు. పిల్ల వినలేదు. తీరా నేనే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను.

వెంకటేశు నా మంచానికి ఎదురుగా టీవీ జరిపి, పెళ్లి లైవ్ వచ్చేలా పెట్టి వెళ్లాడు. తోడుగా పక్కింటి ఖాదర్‌బీ ఉంది.

గౌరీపూజ దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత బొమ్మ ఆగిపోయి, మధ్యలో గుండ్రం తిరగడం మొదలైంది. రెండు మాటలు వినిపిస్తుంది, మళ్లీ ఆగుతుంది. ముహూర్తం దగ్గరపడుతోంది.

కొడుకు ఫోన్ ఎత్తలేదు. ఖాదర్‌బీ నెట్ పెట్టె ఆపి మళ్లీ వేసింది. మా ఇద్దరి ఫోన్లకూ నెట్ ఆపేశాం. తెర మీది అక్షరాలు కూడబలుక్కుని, హెచ్‌డీ తీసి తక్కువ రకానికి మార్చాను. అయినా గుండ్రమే. అప్పుడు టీవీ వెనక ఉన్న, టీవీకి నెట్ బొమ్మ అందించే చిన్న డబ్బా మీద చెయ్యి పెట్టి ఆమె కేకేసింది.

"అక్కా, ఈ డబ్బా పెనం మాదిరి కాలతా ఉండాది! దీనికి ఈ చొక్కా ఏంది?"

"దుమ్ము పడకుండా నేనే కుట్టి తొడిగినాలే."

"బాగుండాది! ఎండాకాలంలో నీకు కంబళి కప్పితే తెలస్తాది. పెళ్లికూతురికి లేని ముసుగు దీనికెందుకు?"

గుడ్డ పీకేసింది. వైరు లాగి, విసనకర్రతో విసిరి, చల్లారాక మళ్లీ పెట్టింది. లైవ్ వచ్చింది. ఇక ఆగలేదు.

అయితే అప్పటిదాకా ఎదురుగా కనిపించిన పెళ్లి ఇప్పుడు వెనక నుంచి, కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తులో కనిపించింది. పిల్ల వీపు. పూలజడ. దాన్ని ఎత్తి పట్టుకున్న ఆడపడుచు చెయ్యి. పెళ్లికొడుకు చేతులు తాళితో మెడ వెనక్కి వచ్చాయి. జడలోని పూలదారం అతని వాచీ గొలుసుకు చిక్కుకుంది. అతను చెయ్యి లాగాడు. జడతో పాటు పిల్ల తల వెనక్కి పోయింది, తాళి చేజారింది. "అల్లా!" అంది ఖాదర్‌బీ. అతను మళ్లీ తీసుకుని మూడు ముళ్లూ వేశాడు. ఆ వెంటనే బొమ్మ ఎప్పటిలా ఎదుటి నుంచే రాసాగింది.

సాయంత్రం వెంకటేశు ఫోన్ చేశాడు. తాళి జారిన సంగతి నాకు చెప్పకూడదనుకున్నారట, అపశకునమని. కానీ నేను గుచ్చి అడిగితే దాచలేకపోయాడు. పిల్లకు ఈ పెళ్లి ఇష్టం లేకే తల వెనక్కి లాక్కుందని పెళ్లికొడుకు మేనత్త అందరి ముందూ అనేసిందట. కెమెరాలో కూడా తల వెనక్కి పోవడమే కనిపిస్తోందట. ఎవరో జడ లాగారని పిల్ల ఏడుస్తూ చెప్పినా నమ్మలేదు. జడ పట్టుకున్న ఆడపడుచేమో అక్షింతలు కళ్లలో పడతాయని ముఖం తిప్పుకుందట. పిల్లను ఇంటికి తీసుకుపోవాలా వద్దా అని వాళ్లు మండపంలోనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"ఫోన్ ఆ పెళ్లికొడుక్కి ఇయ్యిరా," అన్నాను.

అతను అందుకున్నాడు.

"నాయనా, నీ వాచీ గొలుసు చూసుకో. పూలదారం ఉండాదా లేదా?"

ఫోన్‌లో వాచీ గొలుసు చప్పుడైంది.

"ఉండాది అవ్వా. మల్లెమొగ్గ కూడా ఉండాది. నీకెట్ట తెలుసు?"

"టీవీలో చూసినా. మా పిల్ల తల లాక్కోలా, నువ్వు లాగినావు. ఆ మాట మీ అత్తకు నువ్వే చెప్పు."

చెప్పాడు. ఆ రోజే పిల్లను తీసుకుపోయారు.

తర్వాత కెమెరా అబ్బాయిని అడిగాను. కెమెరా ఒక్కటే, ముందువైపే ఉంది, కదల్లేదన్నాడు. పైగా తాళి కట్టేటప్పుడు మండపంలో నెట్ పోయి లైవే ఆగిపోయిందట. బెంగళూరులో చూస్తున్న చుట్టాలకు గుండ్రం తప్ప ఏమీ కనిపించలేదు. డబ్బా చల్లబడితే వీడియో ఆగకుండా వస్తుంది, అది నాకు అర్థమైంది. లేని కెమెరాలోంచి బొమ్మ ఎలా వచ్చిందో ఈ రోజుకీ అర్థం కాలేదు. ఖాదర్‌బీని విడిగా అడిగినా నేను చూసిందే చెబుతుంది.

పిల్ల వెనక నా కోసం వేసిన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉందట. సుజాత ఎవరినీ కూర్చోనివ్వలేదు.

ఆ రోజు ఉదయగిరి ఇంట్లో ఉన్నది లక్ష్మమ్మ అనే నేను, ఖాదర్‌బీ. ఆత్మకూరులో పీటల దగ్గర ఉన్నది సుజాత, పెళ్లికొడుకు మధు, అతని చెల్లెలు కవిత, మేనత్త రమణమ్మ, నా కొడుకు వెంకటేశు, కెమెరా శీను. నా పేరు రెండు చోట్లా రాయమంటుంది సుజాత. నేను ఒక చోటే రాశాను.